ఎటికెట్టు కొన్న బంగారయ్య

కొండవలసలో బంగారయ్య కుటుంబాన్ని మించిన తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, బంగారయ్యే అన్నాడు. భార్య నూకాలమ్మ ఔనంది. కొడుకు గంగరాజు రెండుసార్లు ఔనన్నాడు.

గంగరాజుకి మూడు సంబంధాలు వచ్చి తప్పిపోయాయి. నాలుగోది టౌన్లో కుదిరేలా ఉంది. సంబంధం తెచ్చిన శేషయ్య మాస్టారు, "జాగ్రత్త బంగారయ్యా! వాళ్ళకి ఎటికెట్ ముఖ్యం. అది లేకపోతే గుమ్మం తొక్కనివ్వరు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అంతే, ముగ్గురూ బస్సెక్కారు. కండక్టరు వచ్చి, "ఏ టికెట్టు?" అన్నాడు.

"ఆఁ, అదే! మూడియ్యి!" అని మురిసిపోయాడు బంగారయ్య.

పెళ్ళికూతురి తండ్రి జగన్నాథం గారు తలుపు తియ్యగానే బంగారయ్య టికెట్లు ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. "చూసుకోండి, ముగ్గురికీ ఉన్నాయి. ఇక గుమ్మం తొక్కొచ్చా?"

ఇంకేముంది, ముగ్గురూ గుమ్మం మీదికెక్కి దబదబా తొక్కారు!

ఆయన సంగతి కనుక్కుని, నవ్వాపుకుని, "ఎటికెట్ అంటే టికెట్ కాదండీ, మర్యాద. నలుగురిలో ఎలా మసలుకోవాలో, అదన్నమాట" అన్నారు.

"నలుగురా? మేం ముగ్గురమేగా!" అని నూకాలమ్మ గుండె బాదుకుంది.

గంగరాజు వీధిలోకి పరిగెత్తి, సోడాలమ్ముకునే అప్పన్నను రెక్క పట్టుకుని లాక్కొచ్చి కుర్చీలో కూలేశాడు.

"బాబోయ్, నా బండీ!" అన్నాడు అప్పన్న.

"ఉష్! మర్యాద చేస్తున్నాం" అన్నాడు గంగరాజు.

జగన్నాథం గారికి ఏం చెయ్యాలో తోచలేదు. "సరే, మొహమాటపడకండి. ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నారు.

బంగారయ్య ఉలిక్కిపడ్డాడు. "విన్నావుటే? ఇల్లు మనదేనంట!"

"మనదైతే ఆ బీరువా అక్కడెందుకయ్యా, గాలికి అడ్డం?" అంది నూకాలమ్మ.

అంతే, అప్పన్నతో సహా నలుగురూ పట్టి బీరువాని వరండాలోకి నెట్టారు. సందు చూసుకుని అప్పన్న పరారయ్యాడు. నూకాలమ్మ వంటింట్లో డబ్బాలన్నీ కిందికి దింపింది. గంగరాజు చొక్కా విప్పి మంచమ్మీద పడుకున్నాడు.

జగన్నాథం గారికి ఓపిక చచ్చిపోయింది. రెండు చేతులూ జోడించి, "మహానుభావులారా, ఇక దయచేయండి!" అన్నారు.

నూకాలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూడయ్యా! ఉన్న ఇల్లు మనకిచ్చేసి, పాపం, దయ చెయ్యమని దణ్ణం పెడుతున్నాడు."

"చేశాం లేవయ్యా!" అన్నాడు బంగారయ్య పెద్దమనసుతో. "పెళ్ళాం బిడ్డల్తో ఎక్కడికి పోతావు? ఆ వెనక గదిలో సర్దుకో. మేం ఏమీ అనం."

నూకాలమ్మ చాప కూడా తెచ్చి పరిచింది. లోపల పెళ్ళికూతురు పొట్ట పట్టుకుని పకపకా నవ్వింది.

"విన్నావా అమ్మా?" అన్నాడు గంగరాజు మంచం దిగకుండానే. "వాళ్ళ నాన్నకి తలదాచుకునే చోటు దొరికిందని పిల్ల ఎంత సంబరపడిపోతోందో!"