పండు గడి

చిత్రావతి ఒడ్డున ఎర్రమిట్ట అనే గుట్ట మీద ఓబులమ్మ అవ్వ ఆశ్రమం ఉండేది. ఆశ్రమం అనగానే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు రేకుల గదులు, ముందొక వసారా, వసారా నిండా పాతగుడ్డల మూటలు. అవ్వ ఉపన్యాసాలు ఇచ్చేది కాదు. ఎవరైనా వచ్చి కష్టమో సందేహమో చెప్పుకుంటే ముందు వాళ్ళ చేతికి సూది ఇచ్చి, పక్కన కూర్చుని బొంత కుట్టమనేది. జవాబు కోసం వచ్చినవాళ్ళలో సగం మంది సూదిలో దారం ఎక్కించలేక విసుక్కుని గుట్ట దిగిపోయేవారు. మిగిలినవాళ్ళను జనం ఆమె శిష్యులన్నారు. శిష్యులు కాదు, కుట్టుకూలీలు అని అవ్వ నవ్వేది.

ఆమె బొంతలన్నిటికీ ఒకటే నమూనా, అష్టాచెమ్మా పటం. అయిదు వరుసలు, వరుసకు అయిదు గడులు. నాలుగు అంచుల్లోనూ నడిమి గడి మీద రెండు పట్టీలు కత్తెర గుర్తులా వేసి కుట్టేది. ఆటలో అవి ఇళ్ళు. ఇంట్లో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. పటానికి నట్టనడుమ ఉండే గడి పండు. చుట్లన్నీ తిరిగి అక్కడికి చేరిన కాయ పండినట్టు లెక్క, ఇక దాన్ని పటం మీద నుంచి తీసేస్తారు. గడులు ఎప్పుడూ అవే అయినా కాలాన్ని బట్టి గుడ్డ మారేది. ఉగాది ముందు వాయిలు చీరలు, పాత పంచెలు. వానలు పడేవేళకు గళ్ళ లుంగీలు, గట్టి తువ్వాళ్ళు. చలికాలానికి ఫ్లానెల్ చొక్కాలు, రగ్గు ముక్కలు. ఏళ్ళ తరబడి ఇదేం పిచ్చి, వేరే పూలూ తీగలూ కుట్టరాదా అని ఎవరో పట్నం ఆవిడ అడిగితే, నాకు వచ్చిన ఆట ఇదొక్కటే తల్లీ అన్నదట.

పండు గడి దగ్గర మాత్రం అవ్వకు ఒక పట్టింపు ఉండేది. కప్పుకునే మనిషి ఒంటికి అన్నిటికన్నా హాయిగా ఉండే గుడ్డే అక్కడ పడాలి. అది దొరికేదాకా ఆ గడి ఖాళీగా ఉంచేది. ఎన్ని తొందరలు పెట్టినా వినేది కాదు.

ఆ ఏడు కార్తీకం వెళ్ళిన కొన్నాళ్ళకు చెన్నకేశవులు అనే నెమ్మదైన మనిషి తన భార్య అలివేలును తెచ్చి అవ్వ దగ్గర వదిలి వెళ్ళాడు. అలివేలు అత్త తిమ్మక్క ఆ కార్తీకంలోనే జ్వరం వచ్చి పోయింది. అత్తాకోడళ్ళకు క్షణం పడదని వీధివీధంతా చెప్పుకునేవారు. ఒకరు తినందే ఇంకొకరు కంచం ముందు కూర్చోరని ఇంట్లోవాళ్ళకే తెలుసు. మధ్యాహ్నం వంటపని కాగానే ఇద్దరూ అరుగు మీద బొగ్గుతో పటం గీసి, అరగదీసిన చింతపిక్కలు పట్టుకుని అష్టాచెమ్మాకు దిగేవారు. తిమ్మక్కది తొండి ఆట. పిక్కలు చేత్తో కాస్త తిప్పి వేసేది. ఇల్లు చేరిన కాయను ఒక పట్టాన కదిపేది కాదు. ఆడనే కాపురం పెట్టినావా అత్తా అని అలివేలు దెప్పితే, నీ కండ్లు పడకుండా ఈడనే ఉంటాలేమ్మే అనేది. అరుపులు విని కొత్తగా వీధిలోకి వచ్చినవాళ్ళు ఏదో ఆస్తి తగాదా అనుకునేవారు.

అత్త పోయాక బంధువులు ఆమె బట్టలన్నీ ఎవరికో ఇచ్చేశారు. ఒక్క చీర మాత్రం అలివేలు దక్కించుకుంది. నేరేడుపండు రంగు నేత చీర. ఉతికి ఉతికి వెన్నలా అయింది. అది తప్ప ఆమెకు ఇంకేదీ పట్టలేదు. పొయ్యి వెలిగించడం మానేసింది, మాట మానేసింది. గుట్టకు వచ్చేటప్పుడు కూడా ఆ చీరను మడిచి గుడ్డసంచిలో పెట్టి తెచ్చుకుంది. పగలు ఒళ్ళో, రాత్రి తల కింద ఆ సంచి ఉండాల్సిందే. ముట్టుకోబోతే చేయి తోసేసేది. లోపల ఏముందో వసారాలో అందరికీ తెలుసు, అవ్వకు మరీ తెలుసు. అయినా ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు.

వచ్చిన మొదటి రోజు, సూది చేతికి ఇచ్చాక, అలివేలు నోరు విప్పి అడిగిన మాట ఒకటే.

"పోయినోళ్ళను యాడ దాచుకోవాల అవ్వా?"

ఇలాంటి దుఃఖంతో వచ్చినవాళ్ళు మరిచిపోయే దారి అడుగుతారు. ఈమె దాచుకునే చోటు అడిగింది. అవ్వ చేతిలోని పని ఆపి ఆమె వైపు చూసింది. అంత పొడుగు దారం తీసుకుంటే చిక్కు పడుతుంది, సగానికి తెంచుకో అని చెప్పి మళ్ళీ కుట్టులో పడింది. అలివేలుకు కోపం వచ్చింది. అయినా దారం సగానికి తెంచుకుంది.

పుష్యమాసం చలి ముదిరిన రోజుల్లో ఒక పొద్దున దూదేకుల వీధి నుంచి దస్తగిరమ్మ పరుగున గుట్ట ఎక్కింది. మాబున్ని అనే ఆమె కూతురు నెలలు నిండకుండానే కన్నది. మగపిల్లాడు, గుప్పెడంత ఉన్నాడు. ఏ గుడ్డ చుట్టినా చర్మం ఎర్రబారుతోంది, గుడ్డ తీసేస్తే చలికి నీలుక్కుపోతున్నాడు. ఊళ్ళో ప్రతి ఇంటి పరుపులకూ దూది ఏకిన కుటుంబం వాళ్ళది. ఆ ఇంట్లో మాత్రం ఇద్దరు పడుకోను ఒక్క చింకిచాప ఉంది. సాయంత్రానికల్లా బొంత కావాలవ్వా, ఈ రాత్రి గడిస్తే బతుకుతాడని మంత్రసాని చెప్పింది అని దస్తగిరమ్మ వసారా మెట్ల మీదే కూలబడింది.

బొంత దాదాపు సిద్ధంగానే ఉంది. చలికాలానికని మొదలుపెట్టింది, గడులన్నీ పడ్డాయి. ఒక అంచు ఇల్లూ, నడిమి పండూ మిగిలాయి. అవ్వ మూటలన్నీ విప్పించింది. రగ్గులు, ఫ్లానెల్, మందపాటి తువ్వాళ్ళు తప్ప ఏమీ లేవు. సన్నని నూలు అంతా ఎండాకాలపు బొంతల్లోకి పోయింది. ఊళ్ళో అడిగితే కొత్త గుడ్డ దొరకొచ్చు. అయితే కొత్త గుడ్డ పసి ఒంటికి గీరుకుంటుంది. ఏళ్ళ తరబడి ఒకరు కట్టి, ఉతికి, ఆరేసిన గుడ్డ కావాలి. అవ్వ ఆ మాట గాలిలోకి అన్నట్టే అంది. అలివేలు ముఖం వైపు చూడలేదు. తర్వాత నడుం నొప్పి అని లోపలికి వెళ్ళి పడుకుంది.

అలివేలు చాలాసేపు సంచి మీద చేయి వేసుకుని కూర్చుంది. మెట్ల మీద దస్తగిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆ ఏడుపు వినలేకపోయింది. వినకుండా ఉండలేకపోయింది. చివరికి చీర తీసింది. మడత విప్పగానే అత్త వాసన వచ్చింది. పసుపు, వక్కాకు, కొంచెం పొగ. కత్తెర తీసుకుంది. కళ్ళు మూసుకుని పైట చెరగు వైపు ఒక గడికి సరిపడా కత్తిరించింది. ఆ కరకర చప్పుడు చాలా రోజులు ఆమె చెవిలో ఉండిపోయింది. తర్వాత వంచిన తల ఎత్తకుండా కుట్టింది, పొద్దు వాలేలోగా ముగించింది.

అవ్వ లేచి వచ్చింది. చూపు మందగించిన మనిషి, ఏ బొంతనైనా అరచేత్తో నిమిరి చూస్తుంది. అంచుల మీదుగా వచ్చి, నడిమి పండు మీద ఆమె చేయి ఆగింది. గరుకుగా తగిలింది. అక్కడ ఫ్లానెల్ పడి ఉంది. చేయి మళ్ళీ అంచుకు వెళ్ళి వెతికింది. ఒక పక్క నడిమి ఇంట్లో, రెండు మందపాటి రగ్గు పట్టీల కింద, వెన్నలాంటి గుడ్డ దొరికింది. పట్టీలు దాన్ని కప్పేశాయి. ఇంత రంగు కూడా పైకి కనిపించడం లేదు.

తప్పు జరిగిందని అలివేలు అనుకోలేదు. ఆలోచించే చేసింది. పసివాడి బొంత, రోజుకు ఎన్నిసార్లు తడుపుతాడో, ఎన్నిసార్లు పిండుతారో. నడిమి గుడ్డ నాలుగు నెలలు కూడా నిలవదు. ఇంటి గడిలో అయితే పట్టీల కింద పదిలంగా ఉంటుంది. ఆ మాటే అవ్వతో చెప్పింది. ఆడ అయితే ఎవరూ చంపరని కుట్టినాను అవ్వా అంది.

అవ్వ కోప్పడలేదు. బొంతను ఆమె ఒళ్ళోకి జరిపి, ఆ ఇంటి మీద ఆమె వేలు పెట్టించింది.

"ఆడ కూచుంటే ఎవరూ చంపరు, నిజమే. పండదు గూడా."

అలివేలుకు ఒక్కసారిగా అరుగు కళ్ళ ముందు మెదిలింది. ఇల్లు వదలని కాయ, ఎదురుగా అత్త, ఇంకెంతసేపని తాను దెప్పడం. ఇప్పుడు ఇల్లు పట్టుకుని కూర్చున్నది ఎవరో ఆమెకు తెలిసింది. పంటితో ముడి కొరికి కుట్లు విప్పింది. విప్పుతున్నంతసేపూ కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తుడుచుకోను చేయి ఖాళీ లేదు. దీపం పెట్టేవేళకు నేరేడు రంగు గుడ్డ నట్టనడుమ పడింది.

పిల్లాడిని చూడాలని దస్తగిరమ్మ వెంట తానూ గుట్ట దిగింది. అవ్వ కర్ర పట్టుకుని వెనకాలే వచ్చింది. మాబున్ని పక్కన బొంత పరిచి పిల్లాడిని పండు గడి మీద పడుకోబెట్టారు. అప్పటిదాకా పిల్లికూనలా మూలుగుతున్నవాడు నోరు మూసుకున్నాడు. కాళ్ళూ చేతులూ ఒకసారి చాచి చూసుకున్నాడు. ఆపైన ఏ మొహమాటమూ లేకుండా ఆ గుడ్డ మీదే ఉచ్చ పోశాడు. అది ఎవరి చీరో దారిలో తెలిసింది కాబట్టి, దస్తగిరమ్మ బిత్తరపోయి, క్షమించమని అలివేలు చేతులు పట్టుకోబోయింది. అలివేలు మాత్రం నవ్వుతోంది. తిమ్మక్క ఉంటే ఇది తొండి ఆట అని ఎంత రాద్ధాంతం చేసేదో తలచుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కార్తీకం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. ఆ రాత్రి గడిచింది. పిల్లాడు బతికాడు.

అలివేలు ఇంటికి వెళ్ళింది. పొయ్యి వెలిగించింది. తొలిరోజు పప్పులో ఉప్పు మరిచినా చెన్నకేశవులు మాట్లాడకుండా తిన్నాడు. శుక్రవారాలు గుట్ట ఎక్కి కుట్టు పని చేసి వెళ్ళేది. మిగిలిన చీర మాత్రం మళ్ళీ మడిచి పెట్టెలోనే పెట్టింది. సంచిలో మోసుకు తిరగడం మానేసింది, అంతవరకే.

ఉగాది దగ్గరపడింది. మాబున్ని పిల్లాడిని చంకనేసుకుని, ఆ బొంత తెచ్చింది. ఎండలు వచ్చాయి, రగ్గు గుడ్డలు వాడు ఓర్వడం లేదు, అవే గడులు సన్న నూలుతో వేసి పెట్టమంది. విప్పే పని అలివేలుకే పడింది. అంచులు చెక్కుచెదరలేదు. నడిమికి వచ్చేసరికి ఆమె వేళ్ళు ఆగిపోయాయి. పండు గడిలో గుడ్డ లేదు. ఉతికీ ఉతికీ రంగు పోయి, పోగులు పోగులుగా విడిపోయి, చేయి తగిలితే రాలిపోతోంది. ఆమె ఆ పోగులను ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకుంది. బొంత దులిపి చూసింది, అడుగు పొరలో చూసింది. కాస్త రంగున్న పీలిక అయినా దొరుకుతుందేమోనని అన్ని గడులూ తడిమింది. దొరకలేదు. మూడు నెలల్లో అత్త చీర ముక్క అయిపోయింది.

అవ్వకు ఆ అరచేయి చూపించి, ఇంక నాకేం మిగిలింది అవ్వా అని అడిగింది. గొంతులో నిష్ఠూరం ఉంది.

అవ్వ అప్పుడు పిల్లాడిని ఒళ్ళో బోర్లా వేసుకుని ఉంది. వాడు ఒళ్ళు చేశాడు, మోచేతుల దగ్గర మడతలు పడ్డాయి. అలివేలు మాట వినపడగానే తల పైకెత్తి, ఆమె చేతిలో పోగులు ఆడుతుంటే పట్టుకుందామని చేయి చాచి, బోసినోటితో కేరింత కొట్టాడు. అవ్వ వాడి వీపు నిమురుతూ, కత్తెరను అలివేలు వైపు జరిపింది.

"పండిన కాయను ఎవరన్నా గడుల్లో వెతుక్కుంటారామ్మే?"