కాటుకన్న నొప్పి ఎవరు మోశారు?

కొండ కింద పాత క్వారీ గుంట ఒకటి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎద్దులు లాగే పందెం బండలన్నీ ఒకప్పుడు అక్కడ కొట్టినవే. రాయి తీయడం మానేశాక గుంటలో నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళలో కప్ప అరవదు, కొంగ వాలదు. అక్కడ రంకె వేస్తే ప్రతిధ్వని వెంటనే రాదు. ఎవరో విని, కాస్త ఆలోచించుకుని, తర్వాత బదులిచ్చినట్టు వస్తుంది.

ఆ గుంటకి కూతవేటు దూరంలో ఒక పశువుల కొట్టం. అందులో కాటుకన్న అనే పడుచు గిత్త ఉండేవాడు. కళ్ళ చుట్టూ కాటుక దిద్దినట్టు ఉంటుందని ఆ పేరు పెట్టారు. అతనితో ఒకే కాడి కింద బండ లాగే జతగాడు మల్లడు. ఇద్దరికీ పెద్దవాడు, నాగలి తప్ప మరో పని ఎరగని ముసలి ఎద్దు పుల్లయ్య.

తిరునాళ్ళలో జరిగే బండలాగుడు పందెం మీదే కాటుకన్న ప్రాణమంతా. ఆ యావలో ఒకరోజు ఒళ్ళు వేడెక్కకముందే, తడి ఇసుకలో, బండని ఒక్క గుంజు గుంజాడు. ఎడమ తుంటి లోపల ఏదో కలుక్కుమంది. కళ్ళు బైర్లు కమ్మాయి. అయినా నోరెత్తలేదు. యజమానికి తెలిస్తే తన చోట ఇంకో గిత్తని కడతాడని భయం.

"ఏరా, కుంటుతున్నావేం?" అని పుల్లయ్య ఆ పూటే అడిగాడు.

"నేనా? కుంటట్లేదు తాతా. గిట్టలో ముల్లు దిగింది."

"ముల్లు దిగితే గిట్ట ఎత్తుతారు. నువ్వు నడుము వంకర తిప్పుతున్నావు."

"నీకు చూపు ఆనట్లేదులే."

"చెవులున్నాయిగా. నీ అడుగు టక్కు, టక్కు, టక్కుమంటోంది. ఆ తర్వాత జర్రుమని గీరుతోంది."

కాటుకన్న మొహం తిప్పుకున్నాడు.

సాయంత్రాలు పని అయ్యాక పశువుల్ని కొండవాలున మేతకి వదిలేవారు. ఆ సాయంత్రం కాటుకన్న మిగతావాళ్ళకి దూరంగా, తన నడక ఎవరికీ కనబడకుండా, క్వారీ గుంట వైపు పోయాడు. గట్టు మీద విరిగిన బండ ఉంది. దాని మీద నక్కమామ కూర్చుని ఉన్నాడు. ఎప్పటి నుంచో ఇతని కోసమే కూర్చున్నట్టున్నాడు.

"అల్లుడూ, తుంటి కదూ?"

కాటుకన్న ఉలిక్కిపడ్డాడు. "నీకెవరు చెప్పారు?"

"దుమ్ము చెప్పింది. నీ వెనక కాలు గీత గీసుకుంటూ వచ్చింది, చూసుకో. పోనీలే, దిగులెందుకు? ఈ నీళ్ళలో నడుము దాకా దిగు. నీ నొప్పి ఇక్కడ వదిలేసి పో, నేను మోస్తాను. ఈ వయసులో నాకు పందేలా, పరుగులా?"

కాటుకన్న దిగాడు. చలి ఎముకల్లోకి పాకింది. కాసేపటికి కాలు తనది కానట్టు మొద్దుబారింది. గట్టెక్కి చూస్తే నొప్పి లేదు! ఆనందం పట్టలేక తల ఎత్తేసరికి నక్కమామ బండ దిగి, ఎడమ వెనక కాలు పైకి మడుచుకుని, చప్పుడు లేకుండా గెంతుతున్నాడు.

"చూశావా అల్లుడూ? నాకొచ్చేసింది."

ఇంతలో రాళ్ళ వెనక నుంచి పెద్దగా ఊపిరి తీసిన చప్పుడు, ఆ వెంటనే ఎముక పటుక్కుమన్న చప్పుడు.

"అక్కడెవరు?"

"గాలి అల్లుడూ. రాళ్ళ సందుల్లో గాలి."

మర్నాడు బండ పరుగెత్తినట్టే వచ్చింది. యజమాని గంగడోలు నిమిరి అదనంగా ఉలవలు పెట్టించాడు. అప్పట్నుంచి ప్రతి సాయంత్రం కాటుకన్న గుంటకి పోవడం, మొద్దుబారిన కాలితో రావడం. పోనుపోను నడుము దాకా దిగితే చాలేది కాదు.

"ఇంకొంచెం లోపలికి," అనేవాడు నక్కమామ. "భయం లేదు, కింద మెట్టు ఉంది."

ఒకసారి నీళ్ళ అడుగున తెల్లగా ఏవో కనిపించాయి. రాళ్ళనుకున్నాడు. వాటిలో ఒకదానికి కొమ్ములున్నాయి. కాటుకన్న చూపు తిప్పుకున్నాడు. చూడనట్టు ఉండటం అప్పటికే అతనికి బాగా అలవాటైపోయింది.

తిరునాళ్ళు దగ్గరపడ్డాయి. ఒక పొద్దుటిపూట మల్లడు మేత ముట్టలేదు.

"ఏరా, అలిగావా?" అన్నాడు కాటుకన్న నవ్వుతూ.

"అలక కాదు. మెడ వంగట్లేదు. కాడి నా వైపే వాలుతోందిరా. నువ్వు ఎడమ కాలు ఆన్చట్లేదు. నువ్వు ఆన్చని బరువంతా నేనే లాగుతున్నా."

"నాకు నొప్పే లేదు! గుంటలో వదిలేసి వచ్చా, నక్కమామ మోస్తున్నాడు."

"నక్కకి మోసే బుద్ధే ఉంటే కాడి కింద వాణ్ణే కట్టేవాళ్ళుగా," అన్నాడు మల్లడు.

పుల్లయ్య నెమరు వేయడం ఆపాడు. లేచి వచ్చి, తన మూతితో కాటుకన్న తలని మల్లడి వైపు తిప్పాడు. మల్లడి మెడ మీద తోలు లేచిపోయి పచ్చిపుండు ఉంది. ఈగలు ముసురుతున్నాయి.

"చూసుకో. నీ నొప్పి గుంటలోనూ లేదు, నక్క దగ్గరా లేదు. ఇదుగో, ఇక్కడుంది."

కాటుకన్న మూతితో ఆ ఈగల్ని తోలాడు. చివరికి గొంతు తగ్గించి, రాళ్ళ వెనక ఊపిరి సంగతి, నీళ్ళలో కొమ్ముల సంగతి చెప్పాడు.

"అది దుమ్ములగొండి," అన్నాడు పుల్లయ్య. "చూపు పోయిన ముసలి మృగం. కాలు ఈడ్చే చప్పుడు వింటూ వెంటపడి, ఎముకల్ని కూడా నమిలేస్తుంది. నువ్వు నీళ్ళలో చూసినవి అది మిగిల్చిన పుర్రెలే. నిలబడ్డ గిత్త కొమ్ములంటే మాత్రం దానికి భయం. నువ్వు కూలబడే రోజు కోసం కాచుకుంది. తనకో వాటా దక్కుతుందని ఆ రోజుని దగ్గర చేస్తున్నది నక్క."

"ఇప్పుడేం చెయ్యను తాతా?"

"యజమాని వస్తున్నాడు. ఆయన ముందు నీ నడక నువ్వు నడువు."

కాటుకన్న నడిచాడు. టక్కు, టక్కు, టక్కు, జర్రు. యజమాని ముందు కుంటడం అతనికి బండ లాగడం కన్నా బరువైంది. యజమాని పశువుల డాక్టరుని పిలిపించాడు. డాక్టరు తుంటి నొక్కి చూసి పెదవి విరిచాడు. "కీలు బాగా వాచింది. ఇంకొన్నాళ్ళు లాగిస్తే మళ్ళీ లేచేది కాదు. చలికాలమంతా మెత్తని నేల మీద ఉంచండి. బండ మాటెత్తొద్దు."

తిరునాళ్ళ నాటికి మల్లడి మెడ మానింది, అతనికి జతగా వేరే గిత్త పోయింది. డప్పుల మోత కొట్టం దాకా వినబడింది. కాటుకన్న పలుపు తెంచుకోబోయాడు.

"కూర్చో," అన్నాడు పుల్లయ్య.

"నా వల్ల కాదు తాతా!"

"బండ లాగడం చాలామందికి వచ్చు. ఊరికే ఉండటం నీకు చేతనవుతుందా చూద్దాం."

కాటుకన్న పళ్ళు బిగించి కూర్చున్నాడు. ఆ రోజు మొదలు పుల్లయ్య చెప్పినట్టే పడుకోవడం, చెప్పినంతే నడవడం. నొప్పి మొదలైన చోట ఆగడం. మొదట్లో అవమానంగా ఉండేది. తర్వాత అదే పనిగా పెట్టుకున్నాడు.

గుంట మాత్రం ఊరుకోలేదు. పొద్దు వాలితే అటు నుంచి ఒక రంకె వచ్చేది. అచ్చం కాటుకన్న గొంతే, అతను ఎప్పుడో అక్కడ వేసిన రంకె ఇప్పుడు తిరిగొచ్చినట్టు. తను తలుపు లోపల ఉన్నాడు, తన గొంతు బయట ఏడుస్తోంది. అతను కళ్ళు మూసుకుని పుల్లయ్య నెమరు చప్పుడు వినేవాడు.

ఒక ఉదయం మంచు దట్టంగా పట్టింది. పది అడుగుల అవతల ఏమీ కనబడనంత మంచు. తడిక అవతల నక్కమామ నిలబడ్డాడు.

"అల్లుడూ, నీ నొప్పి మోయలేక చచ్చిపోతున్నా. ఒక్కసారి వచ్చి మునుగు, ఇద్దరికీ తీరిపోతుంది."

కాటుకన్న తడిక సందులోంచి చూశాడు. నక్కమామ కాలు మడిచే ఉంది. కాని కుడికాలు. తనది ఎడమ తుంటి.

అతను గొంతు తొణకనివ్వలేదు. "వస్తా మామా. కాని ఈ మంచులో నువ్వు కనబడవు. నా నొప్పి నీ దగ్గరుందిగా, కాలు గట్టిగా ఈడ్చుకుంటూ ముందు నడువు. ఆ చప్పుడు పట్టుకుని వెనకే వస్తా."

నక్కమామ ఒక్క క్షణం తటపటాయించాడు. మోయడం లేదని ఎలా చెప్తాడు? "సరే అల్లుడూ," అని బయల్దేరాడు.

టక్కు, టక్కు, టక్కు, జర్రు.

కాటుకన్న లేవలేదు. ముందుకాళ్ళు మడుచుకుని, ఉన్నచోటే కూర్చుని విన్నాడు. చప్పుడు దూరమైంది. దానికి ఎదురుగా ఇంకో చప్పుడు వచ్చింది, పెద్ద ఊపిరి.

"ఆగు! నేను! నక్కని!"

"కుంటి అడుగు వినబడితే పట్టుకోమన్నావుగా," అంది మంచులో ఒక బొంగురు గొంతు. "ఆకలికి ఆగలేక ఎదురొచ్చాను."

"నేను కుంటట్లేదు!"

"దొరికినవాడు అలాగే అంటాడన్నావు. వినొద్దన్నావు."

ఎముక పటుక్కుమంది. గుంట విని, కాస్త ఆగి, ఆ చప్పుడే మళ్ళీ చెప్పింది.

చలికాలం పోయింది. మరుసటి తిరునాళ్ళకి కాటుకన్న బండ లాగాడా అని అడుగుతారు. లాగాడు. గెలవలేదు. కాని ఆ పందెంలో మొదటి నుంచి చివరి దాకా కాడి తిన్నగా ఉంది, మల్లడి మెడ మీద చిన్న గీత కూడా పడలేదు.

నీతి: నొప్పిని దాచినవాడు దాన్ని పక్కవాడి మెడ మీద పెడతాడు, ఒప్పుకుని ఓర్చుకున్నవాడే మళ్ళీ కాడి కిందికి నిటారుగా వస్తాడు.