అడగడం ముందా, అల్లడం ముందా

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో, కేతమ్మ అని ఒక మేదరామె ఉండేది తల్లీ. వెదురు చీల్చి చేటలూ బుట్టలూ అల్లేది. ఆ ఏడు ఆమె దగ్గర మూడు మోపుల వెదురే మిగిలింది. వానలు పడితే ఇంక కొండెక్కడానికి లేదు. ఈ మూడు మోపులూ అమ్ముడుపోకపోతే కత్తి చూరులో దోపేసి, ఊడ్పులకి కూలికి పోవాల్సిందే. ఆ నడుముతో బురదలో వంగాలంటే మాటలా?

'అడిగి అల్లితే బెంగ ఉండదు' అనుకుంది. పగలంతా పని కదా, దీపాలు పెట్టే వేళ ఇల్లిల్లూ తిరిగి "అమ్మా, చేటలు కావాలా?" అని అడిగింది. దీపం పెట్టాక గుమ్మంలో నిలబడి ఎవరన్నా వద్దంటారా? లక్ష్మి వెళ్ళిపోదూ! అందరూ "అలాగే, అల్లవే" అన్నారు. ఆ సంగతి కేతమ్మకి తెలియక కాదు. అలిసిపోయిందేమో, నమ్మేసింది.

అప్పుడు ఒక మోపు చీల్చి చేటలు అల్లింది. పొద్దున్నే పట్టుకెళ్తే, "ఉన్న చేట బాగానే ఉందే" అన్నారు.

ఆ తర్వాత, 'ఇంక అడగను, చూస్తే వాళ్ళకే ఆశ పుడుతుంది' అనుకుని రెండో మోపుతో మూతబుట్టలు అల్లింది. ఎంత ముద్దుగా ఉన్నాయో! అందరూ తిప్పి తిప్పి చూశారు. "ఇందులో ఏం పెట్టుకోవాలే?" అని తిరిగిచ్చేశారు.

అవన్నీ నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేసరికి మెడ పట్టేసింది. దారి పక్కన కూలబడి బావురుమంది పాపం. అడిగి అల్లినా ఇంతే, అల్లి అడిగినా ఇంతే.

ఇంటికొచ్చి మూడో మోపులోంచి నాలుగు వెదుళ్ళు తీసి, తనకోసమే, వీపుకి ఆనేలా లోతుగా ఒక బుట్ట అల్లుకుంది. పాత చీర చింపి భుజాలకి పట్టీలు కట్టింది. సరుకంతా అందులో వేసుకుని సంతకి బయల్దేరింది.

ఎదురుగా కూరగాయలమ్మే నూకాలు వస్తోంది. నెత్తిన గంప, మెడ మీద చెయ్యి. "ఏటి వదినా అది? నాకూ ఒకటి అల్లిపెట్టు" అంది. మిట్టమధ్యాహ్నం, నడిరోడ్డు మీద! దీపమూ లేదు, గుమ్మమూ లేదు. ఈసారి మాట నిజమేనని కేతమ్మకి తెలిసిపోయింది.

ఆ తర్వాత చేపలమ్మే ఆమె వచ్చింది, కట్టెలమ్మే ఆమె వచ్చింది. మూడో మోపు మూడు రోజుల్లో అయిపోయింది. బయట చూస్తే వాన.

"ముందే అల్లి పెట్టకపోయావా?" అని ఇంకా బుట్ట దొరకనివాళ్ళు దెప్పారు.

"ముందే అడగకపోయారా?" అని ఈవిడ విసుక్కుంది.

విసుక్కుంటూనే, అమ్ముడుపోని చేటలూ మూతబుట్టలూ నీళ్ళలో నానబెట్టింది. ఒక్కో బద్దా విప్పి, మళ్ళీ వీపుబుట్టలు అల్లింది. ముచ్చటపడి అల్లినవి కదా, ఒక్కోదాన్నీ ఓసారి తిప్పి చూసుకుని మరీ విప్పింది. ఊడ్పులకి మాత్రం కేతమ్మ వెళ్ళలేదు.

మరి అడగడం ముందా, అల్లడం ముందా అంటావా? నూకాలూ అదే అడిగింది. కేతమ్మ మెడ రాసుకుంటూ, "ఏదీ కాదే నూకాలూ. ముందు మెడనొప్పి వచ్చింది" అంది.

నాకూ కళ్ళు లాగేస్తున్నాయి. కాస్త అటు జరుగు తల్లీ.

బుట్ట చేరె వీపుకి,
కత్తి చేరె చేతికి,
కథ చేరె కంచికి,
మనం ఇంక నిద్దరకి.