ఎంగిలి లేని దారం

అనగా అనగా, ఇప్పుడు గుండ్లుగా పడి ఉన్న రాళ్లన్నీ ఇంకా కొండగా నిలబడి ఉన్న కాలం. ఊఁ కొట్టేవాళ్లు దగ్గరికి రండి, కునుకు తీసేవాళ్లు పక్కకు జరగండి. ఈ కథలో రాజు లేడు. రాణి లేదు. గుర్రం కూడా లేదు. ఒక ముసలమ్మ ఉంది, ఆమె ఒళ్లో గుడ్డపీలికలు ఉన్నాయి. ఇంతేనా అని మూతి ముడిచేవాళ్లు ముడవండి. కథ అయిపోయాక ఏమంటారో చూస్తాను.

ఊరి పేరు నల్లగుండ్లపల్లె. ఆమె పేరు దస్తగిరమ్మ. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఎవరికుంది? దస్తమ్మ అన్నారు. దూదేకులవాళ్ల ఇంటికి కోడలై వచ్చింది. మొగుడు దూది ఏకి ఏకి దగ్గు పట్టి పోయాడు. పిల్లలు లేరు. ఆయన దూదేకిన విల్లు గోడకు వేలాడుతూ ఉండిపోయింది.

ఆ ఊళ్లో బట్టలు కుట్టేవాడు గంగులప్ప. పొద్దున్నే దస్తమ్మ వెళ్లి వాళ్ల అరుగు చివర కూర్చునేది. గంగులప్ప కత్తెర ఆడిస్తుంటే పీలికలు రాలేవి. ఆయన పెళ్లాం చీపురు పట్టుకొని వచ్చేది. దస్తమ్మ చెయ్యి అడ్డం పెట్టేది.

"పారెయ్యొద్దు తల్లీ. దానికీ ఒక చోటుంటాది."

ఒక్కో పీలికా ఏరి ఒళ్లో వేసుకునేది. బావి దగ్గర ఎవరి కడవైనా పగిలితే ఆడవాళ్లు పెంకులు కాలితో తోసేవాళ్లు. దస్తమ్మ వంగి ఏరి నడుం సంచిలో వేసుకునేది. "పారెయ్యొద్దు తల్లీ. దానికీ ఒక చోటుంటాది." దారం కొస తెగి కింద పడితే దానికీ అదే మాట. ఊరంతా ఆమెను పీలికల దస్తమ్మ అని నవ్వేది. పిల్లలు వెనకాల నడుస్తూ ఆ మాటే పాటలా పాడేవాళ్లు.

ఇంతకీ ఆ పీలికలతో ఏం చేసేది? పెద్ద ముక్కలు అతికి బొంత కుట్టేది. పొడుగు ముక్కలు పేని ఉయ్యాలకు తాడు చేసేది. మూల ముక్కల్లో దూది కూరి ఉయ్యాల పైన కట్టే చిలకలు చేసేది. ఇంక ఎందుకూ పనికిరాని బుల్లి ముక్కలు మిగిలేవి కదా, వాటితో గుండీలు. కడవ పెంకును బండ మీద గుండ్రంగా అరగదీసేది. దాని మీద పీలిక కప్పేది. అంచులన్నీ వెనక్కి కూడదీసి, దారంతో మూడు చుట్లు చుట్టి బిగించేది. పగిలిన కుండా, చిరిగిన గుడ్డా కలిసి చక్కని గుండీ అయ్యేది. అంతకుముందు ఆ ఊళ్లో చొక్కాలకు ముడులే గాని గుండీలు తెలియవు.

ఒక్కటే తంటా. సూదిలోకి ఎక్కించే ముందు దస్తమ్మ దారం కొసను నోట్లో పెట్టి తడిపేది. కుట్టేవాళ్లందరికీ ఉన్న అలవాటే. కానీ ఆడవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. "నోట్లో పెట్టొద్దవ్వా, ఎంగిలైతాది" అనేవాళ్లు. ఒక కొబ్బరిచిప్పలో నీళ్లు పోసి ఆమె ముందుకు జరిపేవాళ్లు. తన బొంతకైతే నోరు, ఊరివాళ్ల గుడ్డకైతే చిప్ప. ఆమె ఏమీ అనుకోలేదని చెప్తారు. నేను నమ్మను. ఏమీ అనుకోని మనిషి ఉండదు. పైకి మాత్రం అనలేదు.

దస్తమ్మతో కాస్త చనువుగా ఉన్నది ఓబులమ్మ ఒక్కతే. కాపుల పిల్ల, పెళ్లై ఆ ఊరికే వచ్చింది. దస్తమ్మ రవికె వీపున చిరిగితే, ఓబులమ్మ తన పెళ్లినాటి బంతిపువ్వు రంగు చీర కొంగులోంచి ముక్క చించి ఇచ్చింది. దస్తమ్మ దాన్ని మాసిక వేసుకుంది. పైట కింద ఉండే మాసిక, ఎవరికీ కనబడేది కాదు. అంత ఇచ్చిన ఓబులమ్మ కూడా చిప్ప జరపడం మాత్రం మానలేదు.

ఇంతలో కరువొచ్చింది.

మొదటి ఏడు వాన లేదు, గింజలు అయిపోయాయి. రెండో ఏడు వాన లేదు, గొడ్లు పోయాయి. ఆ ఏడే ఓబులమ్మ మొగుడూ పోయాడు. మూడో ఏడు వాన లేదు, ఇంక పిల్లల వంతు వచ్చింది.

ఏటి అవతల ఒక సత్రంలో పిల్లలకు గంజి పోస్తున్నారని మాట వచ్చింది. పెద్దవాళ్లకు లేదు, పిల్లలకే. బండి కట్టారు. ఊళ్లో మిగిలిన పసిబిడ్డలు తొమ్మిది మంది. వాళ్లలో ఓబులమ్మ కూతురు చౌడమ్మ ఒకతె. మూడేళ్ల పిల్ల. ఇంకా తన పేరు తాను సరిగ్గా చెప్పుకోలేదు.

బండి కదిలే ముందు దస్తమ్మ వచ్చింది. పిల్లలు పెరుగుతారు, మొహాలు మారిపోతాయి, మళ్లీ వచ్చినప్పుడు ఎవరు ఎవరో ఎట్లా తెలుస్తుంది అంది. తల్లుల కొంగుల్లోంచి తలా ఒక ముక్క అడిగింది. ఒక్కో ముక్కతో జోడు గుండీలు చేసింది. ఒకటి బిడ్డ మొలతాడుకు బిగించి కుట్టింది. రెండోది తన బొంత అంచుకు కుట్టుకుంది. చౌడమ్మ మొలతాడుకు బంతిపువ్వు రంగు గుండీ, బొంతకు బంతిపువ్వు రంగు గుండీ. ఆ రోజు కూడా ఎవరో చిప్పలో ఇన్ని నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టారు. తాగడానికి లేని నీళ్లు.

బండి వెళ్లిపోయింది.

తర్వాత వాన పడింది. పడింది గాని పిల్లలు వెంటనే రాలేదు. బండ్లకు ఎద్దులు లేవు, ఏరు దాటే దారి లేదు. మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ తల్లులు దస్తమ్మ ఇంటికి వచ్చి, బొంత మీద తమ గుండీని తడిమి చూసుకొని పోయేవాళ్లు.

మొదటి బండి వచ్చింది. నలుగురు పిల్లలు దిగారు. ఊరి నడుమ బొంత పరిచారు. గుండీ పక్కన గుండీ పెట్టారు. సరిపోయింది. తల్లులు బిడ్డల్ని ఎత్తుకొని ఏడ్చారు.

రెండో బండి వచ్చింది. నలుగురు పిల్లలు దిగారు. బొంత పరిచారు. గుండీ పక్కన గుండీ పెట్టారు. సరిపోయింది. తల్లులు బిడ్డల్ని ఎత్తుకొని ఏడ్చారు.

మూడో బండి వచ్చింది. అందులో ఒక్కతే పిల్ల. ఆరేళ్లు ఉంటాయేమో. గడ్డి మీద మోకాళ్లు ముడుచుకొని కూర్చుంది. బొంత పరిచారు. మొలతాడు చూశారు. గుండీ లేదు.

పేరు అడిగితే చెప్పలేదు. ఊరు అడిగితే చెప్పలేదు. ఓబులమ్మ బండి పట్టె పట్టుకొని ఆ మొహంలోకి చూసింది. కళ్లు తన బిడ్డవే అనిపించింది. కాదనీ అనిపించింది. మూడేళ్ల గంజి నీళ్లు ఏ మొహాన్నయినా ఒక్కలాగే చేస్తాయి.

బండివాడు చెప్పింది ఇంతే. ఆ సత్రం మూసేశారు. ఈ పిల్ల ఈ పక్కదే అని ఎవరో అన్నారు. మీది కాదంటే పట్నంలో దింపేసి పోతాడు. ఎవరి దగ్గర అంటే, అది తనకు తెలియదన్నాడు.

ఊరి పెద్ద చెడ్డవాడు కాదు. అయినా ఆలోచించి కాదన్నాడు. గుండీ లేదు కాబట్టి మన బిడ్డ కాదు, వేరే ఊళ్లో దీని తల్లి దారి చూస్తూ ఉంటుంది, తిప్పి పంపడమే న్యాయం అన్నాడు. అందరూ ఓబులమ్మ వైపు చూశారు. తొమ్మిదో బిడ్డ ఆమెదే కదా.

ఓబులమ్మ దస్తమ్మ దగ్గరికి వచ్చింది.

"ఎత్తుకోవాలనే ఉండాది అవ్వా. కానీ ఈ బిడ్డను ఎత్తుకుంటే, నా బిడ్డ కోసం చూసేది మానుకున్నట్టే గదా. రేపు నా చౌడి వేరే బండిలో వస్తే ఏం చెప్పేది?"

దస్తమ్మ ఊరి పెద్ద వైపు తిరిగింది.

"పారెయ్యొద్దు నాయనా. దానికీ ఒక చోటుంటాది."

"పీలిక కాదవ్వా ఇది. బిడ్డ" అన్నాడు పెద్ద.

మొలతాడుకు కట్టింది ఊడి గడ్డిలో పడి ఉండొచ్చు, వెతుకుతానని దస్తమ్మ బండి ఎక్కింది. జనానికి వీపు చేసి, పైట నిండుగా కప్పుకొని, పిల్ల ముందు వంగి కూర్చుంది. ఎంతసేపు వెతికిందంటే, బండివాడు రెండు సార్లు ఆకు నమిలి ఊశాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఎద్దులు తోకలు ఆడించాయి. చివరికి ఆమె దిగింది. గుప్పిట్లో బంతిపువ్వు రంగు గుండీ ఉంది.

"గడ్డిలో దొరికింది" అంది.

బొంత పరిచారు. గుండీ పక్కన గుండీ పెట్టారు. గుడ్డకు గుడ్డ సరిపోయింది. ఊరి పెద్ద తల ఊపాడు. ఓబులమ్మ గుండీని చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిప్పి, దారం చుట్టిన చోట బొటనవేలు పెట్టి తడిమింది. వేలు అక్కడే ఆగిపోయింది. ఊరంతా చూస్తూ ఉంది. ఆమె గుప్పిట మూసింది.

అప్పుడు బండి వైపు చేతులు చాచి, "చౌడీ, రామ్మా" అని పిలిచింది. పిల్ల దిగి వచ్చింది.

కాలం గడిచింది. చౌడమ్మ పెరిగింది, ఆ ఊళ్లోనే పెళ్లయింది, ఇద్దరు బిడ్డల తల్లయింది. ఓబులమ్మ జుట్టు తెల్లబడింది. దస్తమ్మ నడుం వంగిపోయింది. అయినా గంగులప్ప అరుగు చివర కూర్చోవడం మానలేదు. ఒక పొద్దున గంగులప్ప ఏదో అడిగితే పలకలేదు. దగ్గరికి వెళ్లి చూశాడు. ఒళ్లో పీలికలు అట్లాగే ఉన్నాయి, మనిషి లేదు.

పక్క ఊరి నుంచి ఆమెవాళ్లు ఇద్దరు ముసలమ్మలు స్నానం చేయించడానికి వచ్చారు. ఓబులమ్మ నీళ్లు మోసింది. చౌడమ్మ నీళ్లు కాచింది. ఒక ముసలమ్మ తెల్లగుడ్డ కోసం దస్తమ్మ పెట్టె తెరిచింది. అడుగున మడత పెట్టి ఒక పాత రవికె ఉంది. విప్పి చూసింది. వీపున బంతిపువ్వు రంగు మాసిక. మాసిక నడుమ గుండ్రంగా కత్తిరించిన బొక్క.

"ఊరందరి చిరుగులూ పూడ్చిన మనిషి, దీన్ని ఇట్లా ఎందుకు వదిలేసింది?" అంది ముసలమ్మ.

ఓబులమ్మ బిందె కింద పెట్టింది. ఆ రవికె తీసుకొని మొహానికి ఆనించుకుంది. ఇన్నేళ్లూ దాచుకున్నది అప్పుడు బయటికి వచ్చింది.

"నాకు ఆ పొద్దే తెలుసు. ఎండకు గడ్డి గలగలలాడతా ఉండె. గుండీ వెనకాల దారం మాత్రం తడిగా ఉండె. బండిలో చిప్ప యాడిది, నీళ్లు యాడివి? అది అవ్వ నోటి తడి. ఆ తడి పట్టుకున్నాక, ఇంక ఈ బిడ్డను తిప్పి పంపించేదానికి నాకు చేతులు రాలేదు."

అని చౌడమ్మ వైపు తిరిగింది. తిరిగాక భయపడింది. నోరు జారాను, ఇన్నేళ్ల బిడ్డ ఇప్పుడు దూరమైపోతుందేమో అని ఆ రవికెను కొంగు కింద దాచబోయింది.

చౌడమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"నాకూ తెలుసమ్మా. నేను బండిలోనే ఉంటి గదా. అవ్వ పైట కిందనే రవికె విప్పి, మాసికలో గుడ్డ కత్తిరించింది. సంచిలోంచి అరగదీసిన పెంకు తీసింది. దారం నోట్లో పెట్టుకుంది. నేను చూస్తా ఉంటే, పెదాల మీద వేలు పెట్టి ఊరుకోమనింది. ఊరుకుంటి. నువ్వు పంపించేస్తావేమోనని అప్పుడు ఊరుకుంటి. నువ్వు ఏడుస్తావేమోనని తర్వాత ఊరుకుంటి."

తల్లీ కూతురూ ఒకరినొకరు పట్టుకొని ఏడ్చారు. ఓబులమ్మ అసలు కూతురు ఏ బండిలోనూ రాలేదు. ఓబులమ్మ ప్రతి పొద్దూ ఆ దారి చూస్తూనే ఉంది, చౌడమ్మను ఒళ్లో పెట్టుకొని చూసింది, చౌడమ్మ బిడ్డల్ని ఒళ్లో పెట్టుకొని చూసింది. చూడడం మానుకోవాల్సిన పని లేకుండానే ఒక బిడ్డకు చోటు దొరికింది.

దస్తమ్మను ఆమె బొంతే కప్పి మోసుకెళ్లారు. ఊరంతా వెంట నడిచింది. బొంత అంచున తొమ్మిది గుండీలు ఉన్నాయి. చౌడమ్మ ఇంటికి వచ్చి, తన మొలతాడు నాటి గుండీ తీసి, పసిబిడ్డ చొక్కాకు కుట్టడానికి కూర్చుంది. ఓబులమ్మ అలవాటుగా చిప్పలో నీళ్లు తెచ్చింది. తెచ్చి, గుమ్మంలో ఆగి, ఆ నీళ్లు మొక్క మొదట్లో పోసేసింది. దస్తమ్మ లేదు కదా, వేరే ఇంటి మనిషి కావాలని గంగులప్ప పెళ్లాన్ని పిలిచి దారం ఆమె నోటికి అందించింది.

అప్పటి నుంచీ ఆ చుట్టుపక్కల ఊళ్లలో బిడ్డకు మొదటి చొక్కా కుడితే, చివరి గుండీ ఆ ఇంటి గుడ్డతో చెయ్యరు. వేరే ఇంటికి వెళ్లి పీలిక అడుగుతారు. ఆ ఇల్లు ఎవరిదైనా సరే, కులం చూడరు. ఇచ్చిన ఆమెనే పిలిచి దారం నోట తడపమంటారు. కొత్త కోడలు ఎవరైనా తెలియక నీళ్ల చిప్ప తెస్తే, పెద్దవాళ్లు పక్కకు తీసి పెట్టి, "గుండీ దారానికి ఎంగిలి లేదమ్మా" అంటారు. మిగతా గుండీలన్నీ ఒక రంగు, అది ఒకటి వేరే రంగు. దాన్ని దస్తమ్మ గుండీ అంటారు. బట్టలు కుట్టేవాళ్లు ఈనాటికీ పీలికలు ఊడ్చి పారెయ్యరు, అరుగు చివర ఒక మూల కుప్ప పెడతారు. అడిగితే, ఆ చోటు దస్తమ్మది అని చెప్తారు.

కథ అయిపోయింది. లేవండి. గాలి చల్లగా ఉంది, గుండీలు పెట్టుకొని వెళ్లండి. చివరిది కూడా.