మీసం దాటని పిలుపు

"గవరమ్మా... గవరమ్మా... గవరమ్మా..."

న్యాయసభ గుమ్మంలో బంట్రోతు సింగన్న పిలిచిన ఆ పిలుపు అతని మీసం దాటి రాలేదు. నాలుగడుగుల దూరంలో కూర్చున్న గవరమ్మకే వినబడలేదు.

మూడు పిలుపులకూ పలకనివాళ్లు ఎదుటివాడి మాట ఒప్పుకున్నట్టేనని ఆ రాజ్యంలో చట్టం. మోతుబరి వీరభద్రయ్య లాక్కుపోయిన తన మగ్గం కోసం గవరమ్మ ఎనిమిది నెలలుగా తిరుగుతోంది. సగం నేసిన మల్లెమొగ్గల చీర ఇంకా దానిమీదే ఉంది, సగంలో ఆగిన వెన్నెలలాగా.

"పలకలేదు కనుక మగ్గం వీరభద్రయ్యదే," అన్నాడు న్యాయాధికారి.

"ఇక్కడే ఉన్నాను కదయ్యా. పిలుపే వినబడలేదు."

"పిలిచానంటున్నాడు. పిలవలేదనడానికి నీకు సాక్ష్యం ఉందా?"

గవరమ్మకు ఒళ్లు మండింది. వినబడనిదానికి సాక్షిని ఎక్కణ్ణించి తెస్తుంది? తిన్నగా వెళ్లి సింగన్న ఎదుట నిలబడి, మూడుసార్లు పెదాలు కదిపి వచ్చింది.

"అయ్యా, నన్ను కావాలనే గొణుగుతూ పిలిచావా అని ఇతణ్ణి మూడుసార్లు అడిగాను. పలకలేదు. ఒప్పుకున్నట్టు రాయించండి."

"అబద్ధం బాబూ. గొంతే బయటికి రాలేదు," అన్నాడు సింగన్న గాభరాగా.

"అడగలేదనడానికి నీకు సాక్ష్యం ఉందా, అన్నా?"

సభంతా నవ్వింది. న్యాయాధికారి మాత్రం నవ్వలేదు.

"వినబడనిది పిలుపేనా కాదా? నువ్వే చెప్పు సింగన్నా."

అవునన్నా దొరికిపోతాడు, కాదన్నా దొరికిపోతాడు. సింగన్న తల వంచుకున్నాడు.

"వీరభద్రయ్యగారు రెండు గంపల మామిడిపళ్లు పంపారు బాబూ. ఈమెకు వినబడకూడదనే అలా పిలిచాను," అన్నాడు, ఈసారి వీధిదాకా వినబడేలా.