మలుపులో మూగబండి

ఘాట్ రోడ్డు ఆ అడవిని రెండు ముక్కలు చేసింది. పైముక్కలో మేత ఉంది, కిందిముక్కలో గెడ్డ పారుతోంది. మేసినవాళ్లకి దాహం వేస్తుంది కాబట్టి తెల్లారేసరికి అందరూ పెద్దమలుపు దగ్గర చేరి రోడ్డు దాటాల్సిందే. దాటించే పని అసిరమ్మ అనే కుందేలుది. ఆమె తారు మీద చెవి ఆనించి పడుకుని, కళ్లు మూసుకుని వింటుంది. "పదండి" అందంటేనే మిగతావాళ్లు కాలు కదుపుతారు. ఆ చెవిని నమ్ముకునే అడవిలో పిల్లలు పెద్దవాళ్లయ్యారు.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో అదేమంత గొప్ప విద్య కాదు. పట్నం కుర్రాళ్లు పెట్రోలు బండ్లేసుకుని పందేలకి వచ్చేవాళ్లు. అవి కొండ కింద గొంతు విప్పితే కొండ మీద కోతులు కొమ్మలు మారేవి. వాటిలో ఎర్రబండి ఒకటుండేది. అది ఏ మలుపులో గేరు మారుస్తుందో, ఎక్కడ ఊపిరి బిగబట్టి ఎక్కడ వదులుతుందో అసిరమ్మకి కంఠతా వచ్చు. పైకి శాపనార్థాలు పెట్టేది గానీ, లోలోపల ఆ అరుపంటే ఆమెకి ఇష్టమే. చంపడానికొచ్చేది కూడా చెప్పి మరీ వస్తోంది కదా అనుకునేది.

తర్వాత పైవాళ్లు చట్టం తెచ్చారు. పొగ ఎక్కువ కక్కే బండ్లు కొండెక్కకూడదని కింద గేటు పెట్టారు. రోడ్డు పక్క ఆకులన్నీ మసిబారి ఉన్నాయి కాబట్టి అడవిలో ఎవరూ ఆ చట్టాన్ని తప్పుపట్టలేదు. అరుపులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. కొండ మీద పెట్రోలు బంకు మూతపడింది. ఆఖరికి ఎర్రబండి ఒక్కటే ఎలాగో తప్పించుకుని వచ్చి, ఖాళీ బంకు ముందు దగ్గి, ఆరిపోయింది. దాని యజమాని దాన్ని బంకు వెనక్కి తోశాడు. దాని ముందు రేకు మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డాడు. ఇంకాసేపటికి చూస్తే మనిషి లేడు. ఎలా వెళ్లాడో, దేన్లో వెళ్లాడో ఎవరి చెవినా పడలేదు.

ఆ తర్వాత కొండంతా నిశ్శబ్దం. మొదట్లో అందరికీ హాయిగానే ఉంది.

ఒకరోజు పొద్దున ముళ్లపంది సింహాచలం అందరికంటే ముందు వచ్చాడు. "ఏటే అసిరమ్మా, ఎల్లొచ్చా? గొంతెండిపోతంది."

అసిరమ్మ చెవి ఆనించింది. "ఎల్లు బావా. ఏటీ లేదు. గాలి, అంతే."

సింహాచలం మలుపు దాటుతూ మంచులోకి వెళ్లాడు. కేక లేదు, చప్పుడు లేదు. ఎండెక్కాక గౌరమ్మ అనే దుప్పి వచ్చి చూస్తే రోడ్డు మీద ముళ్లు మాత్రం ఉన్నాయి. ముళ్లంటే ముళ్లే. వాటికి అంటుకుని వెంట్రుకంత మాంసం కూడా లేదు.

ఆ తర్వాత ఒక అడవికోడి పోయింది. ఆ తర్వాత ఒక ఉడుము. ప్రతిసారీ అదే మలుపు, ప్రతిసారీ "ఏటీ లేదు" అన్నది అసిరమ్మే. ఆమె ఎదురుపడితే జనం చూపు తిప్పుకోవడం మొదలెట్టారు. అసిరమ్మకి తిండి సహించలేదు. తన చెవిని తనే పీకి పారేయాలనిపించేది.

అప్పుడు నక్క జోగులు పంచాయితీ పెట్టాడు. ఈ మధ్య ఒళ్లు చేశాడు, బొచ్చు నిగనిగలాడుతోంది.

"అసిరమ్మని ఏటీ అనకండర్రా," అన్నాడు, గొంతులో బోలెడంత జాలితో. "ఇది దాని తప్పు గాదు. ఎర్రబండి సచ్చిపోనాది గానీ దాని పేణం ఇక్కడే తిరుగుతంది. గొంతు లేని దెయ్యం మరి, ఎలా ఇనబడతాది? బతికున్నన్నాళ్లూ తారు మీద చెవెట్టి దాని గుట్టంతా ఇన్నారు. అదే దానికి మంట. ఇకమీదట ఎవరూ రోడ్డుకి చెవి ఆనించకండి. తల దించుకుని ఒకరెనకాల ఒకరు దాటండి. సిన్నోల్లు ముందు."

"సిన్నోల్లు ముందెందుకు మావా?" అంది గౌరమ్మ, పక్కనున్న కూనని దగ్గరికి లాక్కుంటూ.

"లేత పేణమంటే దెయ్యానికి జాలమ్మా. పెద్దోల్లమీదే దాని కోపం."

భయపడినవాళ్లకి ఏదో ఒక మార్గం చెబితే చాలు, అది ఎవరు చెప్పారో చూసుకోరు. అందరూ తలలూపారు. మర్నాడు పొద్దున గౌరమ్మ కూన బుల్లి ముందు దాటాలని తీర్మానమైంది.

అసిరమ్మకి కాలు నిలవలేదు. సాయంత్రం ఒక్కతే బంకు వెనక్కి వెళ్లింది. ఎర్రబండి మీద తీగలు పాకాయి. దీపాలు రెండూ ఆమెనే చూస్తున్నట్టున్నాయి. "కావాలంటే నన్ను తీసుకో, ఆ బిడ్డని ఒగ్గీ," అని ముందు రేకు మీద చెవి ఆనించింది.

లోపల ఏదో కదిలింది.

అసిరమ్మ ఎగిరి అంత దూరంలో పడింది. బండి ఇనప జాలీలోంచి ముందు మీసాలు, తర్వాత మూతి బయటికొచ్చాయి. చిట్టెలుక నూకాలు!

"నువ్వా పిన్నీ! పిల్లల్ని ఇప్పుడే పడుకోబెట్టాను, లేపీకు."

"ఒసే నూకాలూ, ఇందులో దెయ్యం ఉందంటన్నారే!"

"దెయ్యమేటి? నాను కాపరం సేత్తన్నాను. ఎచ్చగా ఉంటాదని వొచ్చాను గానీ ఉత్త ఇనుము. తీగలు మాత్రం రుచి." నూకాలు మూతి తుడుచుకుంది. "జోగులు మావ రోజూ ఇటే పోతాడు గదా, నీకు సెప్పలేదేటి? కింద గేటుకాడ కొత్తబండ్లు వొచ్చీసినాయంట. తోక గోడకి తగిలించుకుని కరెంటు తాగుతాయంట. పొగ లేదు, అరుపు లేదు. ఈ కబురు ఎవురికీ సెప్పొద్దని నాసేత ఒట్టేయించుకున్నాడు. అయ్యో, సెప్పీసినానే!"

అసిరమ్మ ఒంటిమీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. దెయ్యమే చంపితే మాంసం ఎవరు తిన్నారు?

ఆమె తిన్నగా పెద్దమలుపుకి వెళ్లి, పొద చాటున తారుకి చెవి ఆనించింది. ఇన్నాళ్లూ ఆమె అరుపు కోసం వింది. అరుపు లేకపోతే ఏమీ లేదనుకుంది. ఇప్పుడు ఆ ఏమీ లేనిదాన్నే వింది. చాలాసేపటికి అడుగు నుంచి సన్నగా వచ్చింది, చేటలో బియ్యం జారుతున్న చప్పుడు. రబ్బరు తారుని రాసుకునే చప్పుడు. సింహాచలానికి గాలి అని చెప్పింది దీన్నే.

తెల్లటి బండి ఒకటి మలుపు తిరిగి వచ్చింది. అంత పెద్ద బండి అంత మెత్తగా వస్తుంటే అసలు వస్తున్నట్టే లేదు. లోపల ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ముఖం మీద నీలం వెలుగు పడుతోంది, చూపు రోడ్డు మీద లేదు. బండి వెళ్లిపోయింది. పిట్టగోడ మీదనుంచి జోగులు దిగి వచ్చి, రోడ్డంతా వాసన చూసి, ఏమీ దొరక్క విసుక్కుంటూ పోయాడు.

మిగతావాళ్లతో చెబుదామా? మళ్లీ చెవి సంగతే ఎత్తావా అని తరిమేస్తారు. ఆ రాత్రి ఆమెకి నిద్రపట్టలేదు.

తెల్లారింది గానీ వెలుగు రాలేదు. పొగమంచు అంత దట్టంగా పట్టేసింది. పెద్దమలుపు దగ్గర అందరూ తలలు దించుకుని వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు బుల్లి.

అసిరమ్మ వచ్చి, అందరూ చూస్తుండగానే రోడ్డుకి చెవి ఆనించింది.

"అసిరమ్మా, లెగు! దెయ్యాన్ని రెచ్చగొట్టకు!" అరిచాడు జోగులు.

"మావా, ఆ దెయ్యం సంగతంతా నీకే తెలుసు గదా. ఆ బిడ్డ దాటేదాకా నువ్వు రోడ్డు మద్దిలో నిలబడు. నువ్వుంటే బిడ్డకి దైర్నం."

"అవును మావా," అంది గౌరమ్మ వెంటనే. "నువ్వు ముందు నిలబడు. నిన్ను సూసి పంపుతాను."

జోగులు కిందికి తొంగిచూశాడు. మామూలుగా అయితే దూరంనుంచే బండి దీపాలు కనబడతాయి. ఇవాళ మంచు తప్ప ఏమీ లేదు. చూస్తే అందరి కళ్లూ తనమీదే ఉన్నాయి. నిలబడనంటే ఇన్నాళ్ల మాట బుగ్గైపోతుంది. వెళ్లి మధ్యగీత మీద నిలబడ్డాడు, తోక గట్టిగా ముడుచుకుని.

"సూశారా? ఏటీ లేదు. రా బుల్లీ, రా."

బుల్లి ఒక కాలు ముందుకేసింది. అసిరమ్మ ఆ కూన కాలికి అడ్డంగా పడుకుంది. చెవి ఇంకా తారు మీదే ఉంది.

"మావా, ఇవతలకి వొచ్చీ," అంది నెమ్మదిగా. "వొస్తంది. బియ్యం సప్పుడు."

"గాలే పిచ్చిదానా!" నవ్వాడు జోగులు. ఆ నవ్వులో తడి లేదు.

"సింహాచలం బావకి నానూ అదే సెప్పినాను. వొచ్చీ మావా, నిజంగా వొస్తంది."

రావాలనే ఉంది జోగులుకి. పక్కకి దూకితే, అరవని బండ్లున్నాయని తనకి తెలుసని అందరికీ తెలిసిపోతుంది. రోజూ నిండుతున్న కడుపు గుర్తొచ్చింది. ఇంకొక్క క్షణం ఆగుదాం అనుకున్నాడు.

మంచులో రెండు తెల్లటి కళ్లు తెరుచుకున్నాయి. చప్పుడు లేదు. ఒక మెత్తటి దెబ్బ, తడిబట్ట రాయి మీద వేసినంత. బండి మలుపు తిరిగి మంచులో కలిసిపోయింది. గౌరమ్మ బుల్లిని గుండెకి అదుముకుంది. మధ్యగీత మీద పడ్డ జోగులు మళ్లీ లేవలేదు.

అసిరమ్మ అందరినీ రోడ్డు పక్కన వరసగా పడుకోబెట్టింది. ఒక్కొక్కరి చెవీ తారుకి ఆనించి, వెళ్లిపోతున్న ఆ సన్నటి చప్పుడు వినమంది. "గురుతెట్టుకోండి," అంది. "ఇకనుంచి నా ఒక్కదాని చెవి సాలదు." అప్పుడు దాటించింది. బుల్లి కడుపునిండా నీళ్లు తాగింది. తిరిగొస్తూ అసిరమ్మ ఒక్కసారి బంకువైపు చూసింది. ఆ పాత అరుపు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

మలుపులో ఆ పూట విస్తరి పరిచే ఉంది. రోజూ వచ్చి తినేవాడే రాలేదు.

చెవులు మూసుకోమని ఎవరైనా జాలిగా చెబితే, వాడి తిండి ఎక్కణ్నుంచి వస్తోందో ముందు చూసుకోవాలి.