తలపాగా మీద బురదచుక్క

మధ్యాహ్నం. జోరువాన. ఏటి నడుమ ఇసుకతిన్నె మీద నేనూ నా ముగ్గురు పిల్లలూ పడవ ఎక్కబోతున్నాం. నీళ్లు పైపైకి వస్తున్నాయి.

అంతలో మా మేక కాలు విదిలిస్తే, పక్కనే పడవ కోసం నిలబడ్డ దివాణం అమీను గారి తలపాగా మీద ఒక బురదచుక్క పడింది. ఇంకేం, రాజ్యం మునిగిపోయింది!

"విచారణ ముగిసేదాకా పడవ కదలదు," అన్నారాయన.

పడవ నడిపే నూకాలు చేతులు కట్టుకున్నాడు. "న్యాయమే బాబూ. కానీ సాక్ష్యం ఆ చుక్కే కదా? వానకి కరిగిపోతోంది. అవతలి ఒడ్డున చావడిలోకి చేరిస్తేనే నిలుస్తుంది."

అమీను గారు తలపాగాని రెండు చేతులా కప్పుకుని, "తొందరగా తొయ్యరా!" అని అరిచారు.

చావడిలో చూస్తే చుక్క లేదు. వెనక్కి చూస్తే తిన్నె లేదు.

ఇంటికొచ్చి తలలు తడిమి చూసుకున్నాను. పెద్దాడు, నడిపిది, చిన్నాడు, నేరం చేసిన మేక. అందరూ వచ్చారు.